బృహత్కాయోసారస్

నేడు భూమిమీద సంచరించు జంతువులలో ఏనుగును మించినది లేదు. ఆఫ్రికా ఖండపు మగ యేనుగు ఆరు టన్నుల బరువు తూగును. దాని కాలు స్తంభమువలె నుండును. అది నడచి వచ్చుచుండగా తక్కిన జంతువులు దారి తొలగి నిలుచును. అట్టి యేనుగులు ఇరువదింటిని త్రాసున ఒక తట్టలో నుంచినచో, రెండవ తట్టలో తానొక్కటియే నిలిచి సరితూగగల జంతువు ఒకప్పుడు మన దేశముననే, కావేరీనదికి ఉత్తరపు దిక్కున, తిరుగాడెనని కొందఱు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దాని ఎముకలు మానవులకు దొరికినవి, కొలతలు వేయబడినవి, దానికి పేరును పెట్టిరి. అయినను ఆ ఎముకలు నేడు లేవు. ఇది ఆ జంతువు కథ; అంతకంటె ముఖ్యముగా దాని ఎముకల కథ.

ఆ జంతువునకు శాస్త్రజ్ఞులు బృహత్కాయోసారస్ అని పేరిడిరి. బృహత్తనగా గొప్పది, కాయమనగా శరీరము. సారస్ అను గ్రీకు పదమునకు బల్లి యని యర్థము. సంస్కృతమును అచ్చతెలుగును కలిపి సమాసము చేసిననే వైరిసమాసమని ఆక్షేపించు పండితులు, సంస్కృతమునకు గ్రీకును ముడిపెట్టిన ఈ పేరును చూచి నొసలు చిట్లింపవచ్చును. కాని జంతువులకు శాస్త్రీయ నామముల నిచ్చుటలో ఇట్టి కలయిక వాడుకయైనదే. పేరు మాత్రము జంతువునకు తగియున్నది.

డైనోసార్ అను మాటను 1842లో రిచర్డ్ ఓవెన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కల్పించెను. భయంకరమైన బల్లి యని దాని భావము. తెలుగువారు రాక్షసిబల్లి యనుచున్నారు. నిజమునకు ఇవి బల్లులు కావు. బల్లి కాళ్ళు ప్రక్కలకు చాచుకొని యుండును. డైనోసారుల కాళ్ళు ఏనుగు కాళ్ళవలె దేహమునకు క్రిందుగా, నిట్టనిలువుగా నుండెడివి. నేటి పక్షులు డైనోసారుల సంతతియే యని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. కావున గోడమీది బల్లికంటె పెరటిలోని కోడియే వాటికి దగ్గఱి చుట్టము.

డైనోసారులలో మాంసము తిను జాతులును, ఆకులలములు తిను జాతులును కలవు. శాకాహారులలో సారోపాడులు అను తెగ యొకటి. చిన్న తల, మిక్కిలి పొడవైన మెడ, కొండవంటి కడుపు, నాలుగు స్తంభముల వంటి కాళ్ళు, మెడకు సమతూకముగా వెనుకకు సాగిన తోక, ఇదియే సారోపాడు రూపము. అంత పెద్ద దేహమునకు అంత చిన్న తల యేల యని యెవరికైనను సందేహము కలుగును. సమాధానము దాని భోజన విధానములోనే కలదు. ఆవువలె అది మేతను నమలలేదు. నమలుటకు పెద్ద దంతములు, బలమైన దవడలు కావలెను. అప్పుడు తల బరువెక్కును. బరువైన తలను పొడవైన మెడ మోయజాలదు. సారోపాడు ఆకులను కొమ్మలనుండి దూసి అట్లే మ్రింగెడిది. తక్కిన పనియంతయు కడుపు చూచుకొనెడిది. మెడలోని వెన్నుపూసలు సైతము గట్టిరాళ్ళవలె గాక, తేనెపట్టు గదులవలె లోపల గాలితో నిండియుండెడివి. పక్షుల యెముకలలో నేటికిని ఇట్టి యేర్పాటు కలదు.

ఇవి యేమి తినెడివో కూడ కొంత తెలిసినది. మహారాష్ట్రమున చంద్రపురము జిల్లాలోని పిస్దురా అను గ్రామమువద్ద శిలగా మారిన వాటి పేడ దొరికినది. దానిని సూక్ష్మదర్శినితో పరీక్షింపగా గడ్డిజాతుల కణములలో నేర్పడు సూక్ష్మమైన ఇసుకరేణువులు అందు కానవచ్చెను. 2005లో ఈ సంగతి వెల్లడియగు వఱకు డైనోసారుల కాలమున గడ్డి యున్నదని గట్టిగా నమ్మినవారు తక్కువ. ఆ పిమ్మట జరిగిన పరిశీలనలో వరికి జ్ఞాతులైన గడ్డిజాతులు కూడ అందు కలవని తేలెను. ఇక వాటి గ్రుడ్ల మాట. నర్మదానదీ ప్రాంతమున, మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో, 92 గూళ్ళను, వాటియందు 256 గ్రుడ్లను గుర్తించినట్లు 2023లో ప్రకటించిరి. గ్రుడ్డు అడ్డుకొలత 15 మొదలు 17 సెంటీమీటర్లు మాత్రమే. అంతటి తల్లికి ఇంత చిన్న గ్రుడ్డు!

బృహత్కాయోసారస్ దొరికిన చోటు తమిళనాడులోని అరియలూరునకు సమీపమున నున్న కల్లమేడు అను గ్రామము. ఆ ప్రాంతపు రాళ్ళకు శాస్త్రలోకమున పెద్ద ప్రఖ్యాతి కలదు. నేడు సముద్రము అచటికి చాల దూరము. కాని ఒకప్పుడు ఆ నేలయంతయు సముద్రగర్భము. సముద్రజీవుల గుల్లలు, శంఖముల వంటి అమ్మొనైటులు ఆ రాళ్ళలో కుప్పలుగా నుండుటచేత పందొమ్మిదవ శతాబ్దమునుండియే యూరపు పండితులు వాటిని వర్ణించుచు గ్రంథములు వ్రాసిరి. అరియలూరు చుట్టును నేడు సిమెంటు కర్మాగారములు వెలసినవన్న, అందులకును ఆ ప్రాచీన సముద్రము పోగుచేసిన సున్నపురాయియే కారణము. కాలక్రమమున సముద్రము వెనుకకు తగ్గెను. బయటపడిన నేలపై నదులు ప్రవహించి ఇసుకను, బంకమట్టిని పఱచెను. అట్టి నదీతీరపు మట్టియే కల్లమేటి నేల. దాని వయస్సు సుమారు 7 కోట్ల సంవత్సరములు.

నాటి భారతదేశము నేటి చోట లేదు. అంతకు చాలకాలము ముందే, సుమారు 8 కోట్ల 80 లక్షల యేండ్లనాడు, అది మడగాస్కరునుండి విడిపోయి, సముద్రమధ్యమున పెద్ద ద్వీపమై ఉత్తరమునకు జరుగుచుండెను. హిమాలయములు ఇంకను పుట్టలేదు. కొంతకాలమునకు దక్కనులో నేల చీలి లావా పొరలు పొరలుగా ప్రవహించెను. 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట నేటి మెక్సికో దేశముననున్న చోట ఒక గ్రహశకలము వచ్చి భూమిని తాకెను. పక్షులు తప్ప తక్కిన డైనోసారులన్నియు అంతటితో నశించెను. కావున కల్లమేటి జంతువు తన జాతివారి చివరిదినములలో జీవించినదని చెప్పవలెను.

భారతదేశమున డైనోసారు ఎముకలు దొరకుట క్రొత్త కాదు. 1828లోనే జబల్‌పూరువద్ద స్లీమన్ అను సైనికోద్యోగికి కొన్ని యెముకలు దొరికినవి. వాటిని బట్టి 1877లో లిడెక్కర్ అను పండితుడు టైటనోసారస్ అను పేరు పెట్టెను. ఇరువదవ శతాబ్దపు పూర్వభాగమున చార్లెస్ ఆల్ఫ్రెడ్ మాట్లీ జబల్‌పూరులోను, తిరుచిరాపల్లి మండలములోను వెదకి అనేక శిలాజములను వెలికితీసెను. ఆయన జ్ఞాపకార్థమే కల్లమేటి జంతువు పూర్తిపేరు బృహత్కాయోసారస్ మాట్లియై అని యేర్పడినది.

ఆ పేరు పెట్టినవారు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి, కె. అయ్యసామి అను శాస్త్రజ్ఞులు. సంస్థ ప్రచురించిన 1987 సంవత్సరపు సంపుటములో వారు తమకు దొరికిన యెముకలను వర్ణించిరి. తుంటి యెముక యొకటి, తొడ యెముకలో మోకాలివైపు భాగము, మోకాలి క్రింది పెద్ద యెముకయగు జంఘాస్థి, ముంజేతి యెముక, తోకలోని వెన్నుపూస ముక్క, ఇంతియే. తల లేదు, మెడ లేదు, ప్రక్కటెముకలు లేవు. కాని ఆ జంఘాస్థి పొడవు 2 మీటర్లు! మానవుని జంఘాస్థి నలువది సెంటీమీటర్లకు మించుట అరుదు. ఈ యెముకను నిలువుగా నిలిపి దానిప్రక్కన ఆజానుబాహువు నొకని నిలిపినను ఎముకయే పైకి కనబడును.

విచిత్రమేమనగా, ఆ శాస్త్రజ్ఞు లిరువురును మొదట ఈ జంతువును సారోపాడుగా భావింపలేదు. రెండుకాళ్ళపై నడచు మాంసాహారుల తెగలో దానిని చేర్చిరి. అదే నిజమైనచో, లోకప్రసిద్ధమైన టిరానోసారస్ దీనిముందు మేకపిల్లవలె నుండెడిది. అంత పెద్ద వేటజంతువునకు కడుపునిండ ఆహారము ఎచట దొరకును అను ప్రశ్న సహజముగా పుట్టినది. పిదప శంకర్ చటర్జీ మొదలగు పండితులు ఆ వర్ణనను మరల పరిశీలించి, ఇది పొడవైన మెడగల శాకాహారియే యని, సారోపాడులలో టైటనోసారుల శాఖకు చెందినదని అభిప్రాయపడిరి. నేడు దీనిని గూర్చి వ్రాయువారు ఆ మాటనే అంగీకరించుచున్నారు. తొలి వర్ణన చేసినవారిని ఇందుకు తప్పుపట్టుట న్యాయము కాదు. విఱిగిన అయిదారు తునకలను ముందుంచుకొని, అవి యే జంతువువో చెప్పుట యెంత కష్టమో చేసి చూచినవారికే తెలియును.

ఒక్క కాలి యెముకను బట్టి జంతువు బరువును లెక్కించుట యెట్లు? అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గృహిణి కుండలోని మెతుకులన్నింటిని నలిపి చూడదు; ఒక్క మెతుకు చాలును. దీనినే మన పెద్దలు స్థాలీపులాక న్యాయమనిరి. శాస్త్రజ్ఞుని పద్ధతియు నిట్టిదే. తెలిసిన జంతువులలో కాలి యెముకకును దేహమునకును గల నిష్పత్తిని కనుగొని, దానిని తెలియని జంతువునకు వర్తింపజేయును.

దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమున దొరికిన అర్జెంటీనోసారస్ మిక్కిలి పెద్ద సారోపాడులలో నొకటి. దానిని 1993లో వర్ణించిరి. దాని మోకాలి క్రింది యెముకలలో జంఘాస్థి ప్రక్కన నుండు సన్నని యెముక దొరికినది. పొడవు 155 సెంటీమీటర్లు. ఈ రెండు యెముకలును పొడవులో ఇంచుమించు సమానముగనే యుండును. ఆ జంతువు బరువు రమారమి 70 టన్నులని అనుకొందము. కల్లమేటి యెముక దానికంటె ఇంచుమించు మూడవ వంతు పొడవెక్కువ. అట్లని బరువును మూడవ వంతే పెంచినచో లెక్క తప్పును. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు ఎత్తుగల పెట్టెలో ఒక బస్తా ధాన్యము పట్టెననుకొనుడు. ప్రతి ప్రక్కయు రెండు మూరలుగల పెట్టెలో పట్టునది రెండు బస్తాలు కాదు, ఎనిమిది. దేహము కూడ పొడవున, వెడల్పున, ఎత్తున మూడు విధముల పెరుగును గదా! ఈ లెక్క ప్రకారము కల్లమేటి జంతువు బరువు అర్జెంటీనోసారస్ బరువునకు రెట్టింపును మించి, 150 టన్నుల వఱకు పోవును. అంత బరువు నేటి నీలి తిమింగిలమునకు మాత్రమే కలదు. తిమింగిలమును నీరు మోయుచున్నది. ఈ జంతువును దాని కాళ్ళే మోయవలెను.

ఇచట నొక చిక్కు కలదు. మెతుకులన్నియు ఒకే కుండలోనివి కనుక గృహిణి పరీక్ష తప్పదు. జంతువు లన్నియు ఒకే మూసలో పోసినవి కావు. మనుష్యులలోనే కాళ్ళు పొడవై మొండెము పొట్టియైనవారు కొందఱు, మొండెము పొడవై కాళ్ళు పొట్టియైనవారు కొందఱు కలరు. కల్లమేటి జంతువు బారుకాళ్ళదైనచో దాని బరువు లెక్కకంటె తగ్గును. 2023లో గ్రెగరీ పాల్, అసియెర్ లర్రమెండి అను శాస్త్రజ్ఞులు దీని బరువు 110 మొదలు 170 టన్నుల వఱకు ఉండవచ్చుననియు, అందును 130 టన్నులలోపు అంచనాయే ఎక్కువ సంభవమనియు వ్రాసిరి. ఒకే జంతువును గూర్చిన రెండంకెల నడుమ పది యేనుగుల బరువు తేడా యున్నదన్న మాట! ఎముకలు ఎదుటనున్నచో ఈ తేడాను తగ్గింపవచ్చును. అవి లేకపోవుటయే బాధ.

అవి యేమైనవి? నేలలో నున్న శిలాజమును పెకలించుట చెట్టును పెకలించుట వంటిది కాదు. కోట్ల యేండ్లు మట్టి బరువున నలిగిన యెముక చూచుటకు రాయివలె నున్నను, లోపల వేయి బీటలు వారియుండును. కావున పనివారు చుట్టునున్న మట్టిని చిన్న ఉలులతో, కుంచెలతో తొలగింతురు. ఎముకపై తడి కాగితము కప్పి, గోనెపట్టీలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి చుట్టుదురు. విఱిగిన చేతికి వైద్యుడు వేయు కట్టు వంటిదే యిది. కట్టు గట్టిపడిన తరువాత మట్టితో సహా పెకలించి కార్యస్థానమునకు చేర్తురు. అచట తీరికగా కట్టు విప్పి, బీటలలో జిగురు నింపి యెముకను బాగుచేయుదురు.

కల్లమేటి నేల ఇసుకయు బంకమట్టియు కలిసినది. బంకమట్టి వానకు ఉబ్బును. ఎండకు నెఱ్ఱెలు విచ్చును. దానితోపాటు అందలి యెముకయు చిట్లును. బృహత్కాయోసారస్ ఎముకలకు కట్లు వేసిరి. కాని సర్వేక్షణ సంస్థకు చేరకమునుపే అవి కట్లలోనే పొడియగుట మొదలిడెననియు, అవి ఇక లేవనియు 2017లో పీటర్ గాల్టన్, అయ్యసామి కలిసి వ్రాసిన వ్యాసమువలన లోకమునకు తెలిసినది. ఏడు కోట్ల యేండ్లు భూమి దాచిన నిక్షేపము కొద్దికాలములోనే కరగిపోయెను. మన దేశమున నాడు శిలాజ రక్షణకు ఇంకను మంచి సాధనములుండినచో ఆ జంఘాస్థి యేదో యొక నగరమున అద్దాల గదిలో నిలిచియుండెడిదేమో!

ఎముకలు పోవుటతో సందేహములు పెరిగెను. మొదటి వ్యాసములో గీతలతో వేసిన బొమ్మలే తప్ప స్పష్టమైన ఛాయాచిత్రములు లేవు. అది యెముకయే కాదు, రాయిగా మారిన చెట్టు మ్రానై యుండవచ్చునని కూడ కొందఱు అనిరి. ఆ మాట ఊరక పుట్టినది కాదు. కల్లమేటికి ఎంతో దూరము కాని సాత్తనూరు గ్రామమున శిలగా మారిన వృక్షకాండ మొకటి కలదు. దాని పొడవు 18 మీటర్లు. దానిని 1940లో ఎం. ఎస్. కృష్ణన్ అను భూవిజ్ఞాని గుర్తించెను. ఎముకను మ్రాననుకొనుట కూడ జరిగినదే. 1987లో అర్జెంటీనాలో ఒక రైతు తన భూమిలో కనబడినది రాయిగా మారిన దుంగ యనుకొనెను. తీర చూడగా అది అర్జెంటీనోసారస్ కాలి యెముక!

ఈ వివాదమునకు 2022లో క్రొత్త సాక్ష్యము లభించెను. సౌరభ్ పాల్, అయ్యసామి కలిసి, త్రవ్వకముల నాటి నలుపు తెలుపు ఛాయాచిత్రములను ప్రకటించిరి. నేలలో సగము పూడి, సగము కట్లలోనున్న యెముకలు వాటియందు కానవచ్చుచున్నవి. వాటిని చూచిన పిమ్మట ఇది నిజముగా సారోపాడే యని పలువురు ఒప్పుకొనిరి. అయినను ఛాయాచిత్రము ఎముకకు సాటిరాదు. దానిని చేతబట్టి త్రిప్పి చూడలేము, మరల కొలువలేము. ఒకరు చెప్పిన కొలతను మరియొకరు సరిచూచుకొనగలిగినప్పుడే శాస్త్రమున దానికి విలువ. అందుచేత భూమిపై నడచిన జంతువులలో మిక్కిలి పెద్దది ఏది యను ప్రశ్నకు జాగ్రత్తగల పండితులు అర్జెంటీనోసారస్ పేరునే ముందుగా చెప్పుదురు. బృహత్కాయోసారస్ పేరును చెప్పునప్పుడు 'బహుశః' అను మాటను చేర్తురు.

ఇట్టి దురదృష్టము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ కోప్ అను ప్రసిద్ధ పండితుడు 1878లో ఒక వెన్నుపూసను వర్ణించెను. విఱిగి మిగిలిన భాగమే 1.5 మీటర్ల ఎత్తు. అదియు కనబడకుండ పోయెను. కోప్ వేసిన బొమ్మ యొక్కటే మిగిలినది. ఆ బొమ్మను ఆధారముగా గొని 2018లో కెన్నెత్ కార్పెంటర్ ఆ జంతువునకు మరాపునిసారస్ అను క్రొత్తపేరు పెట్టెను. అచటి యూట్ తెగవారి భాషలో మరాపుని యనగా చాల పెద్దది యని యర్థము. పేరులోను, విధిలోను కూడ అది మన బృహత్కాయమునకు తోబుట్టువే.

భద్రముగా దక్కిన యెముకలును మన దేశమున లేకపోలేదు. గోదావరీ ప్రాంతమున, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని పోచంపల్లి గ్రామమువద్ద దొరికిన బరాపాసారస్ వీటికంటె ఎంతో ప్రాచీనమైన సారోపాడు. దాని యెముకలు సుమారు 300 లభించినవి. బరా పా యనగా వంగభాషలో పెద్ద కాలు. త్రవ్వకములు రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సరమున మొదలైనందున, 1975లో దానికి బరాపాసారస్ టాగోరై అని పేరు పెట్టిరి. దాని కంకాళము కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో నిలిచియున్నది. ఆ ప్రాంతముననే యామనపల్లిలో దొరికిన కోటసారస్ కంకాళమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో చూడవచ్చును. కోటసారస్‌ను 1988లో వర్ణించినవారును కల్లమేటి యెముకలను వర్ణించిన యాదగిరియే. ఈ రెండును బృహత్కాయోసారస్ ముందు చిన్నవి. కాని చిన్నవైనను అవి ఉన్నవి. చూచినవారు చుట్టును తిరిగి, తలయెత్తి చూచి, వ్రేళ్ళతో ఎముకలను లెక్కించుకొని పోవుచున్నారు.

కల్లమేటిలో వెదకుట ఆగలేదు. తరువాత వచ్చినవారు పెద్ద యెముకలకు మాఱుగా మట్టినే పరిశీలించిరి. కప్పలు, తాబేళ్ళు, మొసళ్ళు మొదలగు వాని యవశేషములు వారికి లభించెను. 2013లో ఆ నేలనుండియే యొక పంటిని గూర్చి ప్రకటించిరి. అది ట్రూడాంటిడ్ అను జాతి డైనోసారుది. పక్షులకు దగ్గఱి చుట్టమైన చిన్న జంతువు. భారతదేశమున ఆ జాతి జాడ తెలియుట అదియే మొదటిసారి. ఆ పన్ను కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. రెండు మీటర్ల జంఘాస్థి మట్టిలో కలిసిపోయిన ఆ చోటనే, బియ్యపుగింజ వంటి ఆ పన్ను నలుగక విఱుగక శాస్త్రజ్ఞుల చేతికి వచ్చినది.